సగంలో ఉన్న అల్లికతో సముద్రతీరానికి: బయలుదేరే ముందు, తీరంలో, తిరిగి వచ్చాక

హైదరాబాద్‌లో ఊలు అల్లేవారి చేతులకు పని దసరా దాటాక మొదలై సంక్రాంతి దాకా సాగుతుంది. మన చలి ఎక్కువ కాలం నిలిచేది కాదు కనుక పెద్దల స్వెట్టర్ల కంటే పసిపిల్లల స్వెట్టర్లు, టోపీలు, మేజోళ్ళే మన ఇళ్ళలో ఎక్కువగా తయారవుతాయి. సరిగ్గా ఆ నెలల్లోనే కుటుంబాలు సముద్రానికి ప్రయాణం కడతాయి. కార్తీక మాసంలో సముద్రస్నానానికి కొందరు, డిసెంబరు చివరి సెలవుల్లో పిల్లలతో కొందరు, సంక్రాంతికి ఊరు వెళ్ళి అక్కడి నుంచి తీరానికి మరికొందరు వెళతారు. చలి తగ్గకముందే పూర్తి కావలసిన స్వెట్టరు ఇంట్లో సూది మీద ఉండిపోతుంది. దానిని వెంట తీసుకువెళ్ళవచ్చా, తీసుకువెళితే పాడుకాకుండా, ప్రయాణానికి అడ్డం కాకుండా ఎలా చూసుకోవాలి అన్నది ఇక్కడి విషయం.

తీసుకువెళ్ళవచ్చు. అయితే ఒక్కదానినే తీసుకువెళ్ళాలి. అది కూడా ఎవరు పిలిచినా ఆ వరుస పూర్తిచేసి లేవగలిగే దశలో, మరునాడు చేతిలోకి తీసుకోగానే ఆలోచించకుండా కొనసాగించగలిగే దశలో ఉన్నదై ఉండాలి. ఆ దశకు దానిని ఇంట్లోనే చేర్చుకోవాలి. తీరంలో పడే ఇబ్బందుల్లో సగానికి పైగా, బయలుదేరే ముందు చేయవలసిన ఈ సిద్ధపాటు చేయకపోవడం వల్ల వచ్చేవే.

ఏది తీసుకువెళ్ళాలి

అల్లే అలవాటు ఉన్న ఇంట్లో సగంలో ఆగిన పని ఒకటే ఉండదు. ముందుగా అన్నింటినీ మంచం మీద పరచి చూసుకోండి. మెడ మలుపులో ఉన్నది, చంక దగ్గర కుట్లు (సూది మీది దారపు ఉచ్చులు) తగ్గిస్తున్నది, జడ డిజైనులో సగానికి వచ్చినది, రెండు రంగులు మార్చి మార్చి అల్లుతున్నది ఇంట్లోనే ఉండాలి. వీటిలో ప్రతి వరుసా లెక్కతో నడుస్తుంది. పిల్లవాడు వచ్చి భుజం పట్టుకుని ఊపితే లెక్క తప్పుతుంది, ఎక్కడ తప్పిందో పది వరుసల తరువాత గాని తెలియదు.

వెంట తీసుకువెళ్ళడానికి అనువైనది ఒక వరుస సీదా (అల్లిక ముందువైపు నుంచి), ఒక వరుస ఉల్టాగా (వెనుకవైపు నుంచి) సాగిపోయే సాదా భాగం. స్వెట్టరు వెనుక భాగంలో బార్డరు అయిపోయి, చంక దాకా ఇంకా కొంత దూరం ఉన్న దశ అన్నిటికంటే మంచిది. అలాంటిది చేతిలో లేకపోతే బయలుదేరడానికి రెండు రోజుల ముందు కొత్తగా మొదలుపెట్టి, బార్డరు ఇంట్లోనే ముగించి తీసుకువెళ్ళండి. కుట్లు ఎత్తుకోవడం అంటే మొదటి కుట్లను సూది మీద వేసుకోవడం, మొదటి వరుసలు మెలిక పడకుండా చూసుకోవడం ఊగే రైలులో చేయవలసిన పనులు కావు.

దారం విషయంలోనూ ఎంపిక అవసరం. ఊలు గాలిలోని తేమను బాగా పీలుస్తుంది. తన బరువులో దాదాపు మూడో వంతు తేమను దాచుకుని కూడా ముట్టుకుంటే తడిగా అనిపించదు. సముద్రపు గాలిలో అరచేతులు చెమర్చినప్పుడు ఊలు సూది మీద సులువుగా జారదు, చెయ్యి తెలియకుండానే బిగుస్తుంది. హైదరాబాద్ పొడి గాలిలో అల్లిన భాగానికీ తీరంలో అల్లిన భాగానికీ తేడా కనిపించడానికి ఒక కారణం ఇదే. ఆక్రిలిక్ దారం తేమను దాదాపు పీల్చదు, కనుక తీరంలో దానితో పని తేలిక. నూలు దారం మధ్యస్థంగా ఉంటుంది, పైగా ఉతకడానికి భయపడనక్కరలేదు. నిజమైన ఊలుతో మొదలైన పని ఉంటే దానిని ఇంట్లో వదిలి, ఆక్రిలిక్‌తోనో నూలుతోనో ఉన్న దానిని తీసుకువెళ్ళడం నా సలహా.

ఇంట్లో వదిలిన వాటిని సూది మీదే ఉంచి వెళ్ళకూడదు. సూది ఉన్నచోట కుట్లు సాగి అడ్డంగా గీత పడుతుంది, ఉతికినా అది ఒక పట్టాన పోదు. మొద్దు ముక్కు సూదితో కుట్లన్నింటినీ గట్టి నూలు దారం మీదకు మార్చి, రెండు కొసలూ ముడివేసి, నీడలో ఎండిన వేపాకుతో కలిపి గుడ్డసంచిలో పెట్టండి.

బయలుదేరే ముందు

తీసుకువెళ్ళే పనిలో మొదట చేయవలసింది ఆసరా దారం వేయడం. ముదురు రంగు కుట్టుదారాన్ని మొద్దు ముక్కు సూదికి ఎక్కించి, అల్లిక సూది మీద ఉన్న ప్రతి కుట్టులోంచి, ఒక్కటీ వదలకుండా దూర్చి, రెండు వైపులా జానెడు చొప్పున వదలాలి. కుట్లు సూది మీదే ఉంటాయి, దారం వాటి కింద నిద్రపోతున్నట్టు ఉంటుంది. రైలులో సూది జారిపోయినా, పిల్లలు లాగినా, ఊడిన వరుసలు ఆ దారం దాకా వచ్చి అక్కడ ఆగుతాయి. అక్కడి నుంచి కుట్లను మళ్ళీ సూదికి ఎక్కించుకుంటే సరిపోతుంది. సాదా అల్లికలో ఇరవై వరుసలకు ఒకసారి ఈ దారాన్ని పైకి మార్చుకుంటే చాలు.

రెండవది చీటీ. దానిని పెన్సిలుతో రాయాలి, ఎందుకంటే తేమకు సిరా పాకుతుంది. ఏడాదిలోపు బిడ్డకు నాలుగు పోగుల దారంతో అల్లుతున్న స్వెట్టరు అయితే ఆ చీటీ ఇలా ఉంటుంది: "వెనుక భాగం. సూది 10, బార్డరుకు 12. కుట్లు 76. బార్డరు 16 వరుసలు అయింది. సాదా 22 అయింది, మొత్తం 40 చేయాలి. తరువాతి వరుస సీదా." ఇంతకంటే ఎక్కువ రాయనక్కరలేదు గాని, ఇందులో ఏ ఒక్కటి వదిలినా తీరంలో కూర్చుని వేళ్ళతో వరుసలు లెక్కపెట్టుకోవలసి వస్తుంది. ప్రతిసారీ పని ఆపేముందు ఆ చీటీ మీద ఒక గీత గీసుకోండి. సూది నంబరు తప్పక రాయాలని చెప్పడానికి కారణం ఉంది. మన దుకాణాల్లో దొరికే సూదుల పాత లెక్కలో నంబరు పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది. 8 నంబరు అంటే 4 మిల్లీమీటర్లు, 10 అంటే 3.25, 12 అంటే 2.75. మిల్లీమీటర్లలో మాత్రమే గుర్తు ఉండే సూదులు కూడా ఇప్పుడు అమ్ముతున్నారు కనుక రెండు లెక్కలూ రాసుకోవడం మంచిది.

మూడవది దారం సరిపోతుందా అని చూసుకోవడం. ఊలు ఉండ మీది చీటీలో రంగు నంబరుతో పాటు, ఒకే విడతలో రంగు వేసిన దారమని తెలిపే లాటు నంబరు ఉంటుంది. ఒకే రంగు అయినా లాటు మారితే ఛాయ మారుతుంది, ఆ తేడా ఎండలో స్పష్టంగా కనిపిస్తుంది. కోఠీలోనో సికింద్రాబాద్ జనరల్ బజార్‌లోనో కొన్న దారం తీరప్రాంతపు చిన్న ఊరిలో అదే లాటులో దొరుకుతుందని ఆశించలేం. ఇంట్లో ఉన్న తూకంతో ఉండను తూచి, ఇరవై వరుసలు అల్లి, మళ్ళీ తూచండి. ఎన్ని వరుసలకు ఎంత దారం పడుతుందో తెలిసిపోతుంది. మరొక చిన్న లెక్క కూడా ఉపయోగపడుతుంది: సాదా అల్లికలో ఒక వరుసకు అల్లిక వెడల్పుకు మూడింతలకు పైగా దారం పడుతుంది. ఉండ చివరికి వచ్చినప్పుడు నాలుగింతల దారం మిగిలి ఉంటేనే కొత్త వరుస మొదలుపెట్టాలి. లేకపోతే కొత్త దారాన్ని వరుస మొదట్లోనే అందుకోవాలి. అప్పుడు అతుకు అంచుకు వస్తుంది, నడుమ కనిపించదు.

సూదుల్లో వెదురువి తీసుకువెళ్ళండి. చెమటచేతికి లోహపు సూది జారుతుంది, ఉప్పుగాలికి అల్యూమినియం సూది మీద చిన్న చిన్న గరుకులు పడి తరువాత దారాన్ని పట్టి లాగుతాయి. పొడవాటి జంట సూదులకంటే మధ్యలో తీగ ఉన్న సర్క్యులర్ సూది ప్రయాణానికి మేలు. దానితో సాదాగా అటూ ఇటూ తిప్పి కూడా అల్లవచ్చు, పక్కవారి మోచేతికి తగలదు, ఒకటి సీటు కింద పడి పోయే ప్రమాదం లేదు. సంచి విషయానికి వస్తే, లోపల జిప్పు ఉన్న ప్లాస్టిక్ సంచి, బయట నాడా బిగించే గుడ్డసంచి ఉంటే చాలు. ప్లాస్టిక్ సంచి ఇసుకనూ నీటినీ ఆపుతుంది. అయితే రాత్రిళ్ళు దానిని తెరిచి ఉంచాలి, లేకపోతే లోపల చిక్కిన తేమకు దారం వాసన పడుతుంది.

దారిలో

హైదరాబాద్ నుంచి ఏ తీరానికి వెళ్ళినా ప్రయాణం చిన్నది కాదు. బాపట్ల దగ్గరి సూర్యలంక, మచిలీపట్నం దగ్గరి మంగినపూడి 300 కిలోమీటర్లకు పైబడిన దూరంలో ఉన్నాయి. విశాఖపట్నం 600 కిలోమీటర్లు దాటుతుంది. నిజానికి ఈ సెలవుల్లో అల్లికకు దొరికే నిరాటంకమైన సమయం రైలులోనే. సికింద్రాబాద్ నుంచి విశాఖకు వందే భారత్‌లో కూర్చుని వెళితే ఎనిమిదిన్నర గంటలకు పైగా పడుతుంది, అందులో పిల్లలు నిద్రపోయే రెండు మూడు గంటలు మీవి. రాత్రి బళ్ళలో దీపాలు ఆర్పేదాకానే అల్లగలరు, పైబెర్తు మీద కూర్చుని అల్లడం మెడకు మంచిది కాదు. ఉండను సంచిలోనే ఉంచి, నాడాను మణికట్టుకు తగిలించుకుని, దారం కొసను మాత్రమే బయటకు తీసుకోండి. రైలు నేల మీద ఒకసారి దొర్లిన ఉండను మళ్ళీ పసిబిడ్డ స్వెట్టరుకు వాడడం నాకు సమ్మతం కాదు. విమానంలో వెళ్ళేవారు సూదులను, కత్తెరను చెక్-ఇన్ సామానులో పెట్టుకుంటే తనిఖీ దగ్గర వాదన ఉండదు.

వరుస మధ్యలో ఆపకూడదన్న నియమం రైలులో కంటే తీరంలో ఎక్కువ పరీక్షకు గురవుతుంది. మధ్యలో ఆపితే రెండు సూదుల నడుమ ఉన్న కుట్టు సాగి చిన్న కన్నంలా మిగులుతుంది. అంతకంటే ముఖ్యంగా, మళ్ళీ తీసుకున్నప్పుడు ఏ వైపుకు అల్లుతున్నారో తెలియక వెనక్కి తిరిగి అల్లే ప్రమాదం ఉంది. ఎప్పుడైనా మధ్యలో ఆపక తప్పకపోతే ఒక్క సంగతి గుర్తుంచుకోండి: ఉండకు కలిసి ఉన్న దారం ఏ సూది మీది కుట్టు నుంచి వస్తోందో ఆ సూది కుడిచేతిలో ఉండాలి. ఎడమచేతితో అల్లేవారికి ఇది తారుమారు. తరువాతి కుట్టు సీదానా ఉల్టానా అన్నది మీ వైపు కనిపించే ముఖమే చెబుతుంది. సాదా అల్లికలో మీకు జడపాయల్లాంటి కోణాలు కనిపిస్తే సీదా, అడ్డంగా బుడిపెలు కనిపిస్తే ఉల్టా అల్లాలి.

తీరంలో

ఒక నియమాన్ని మొదటే చెప్పాలి. పిల్లలు నీళ్ళలో ఉన్నంతసేపు వారిని చూసే మనిషి చేతిలో అల్లిక ఉండకూడదు. మన బంగాళాఖాతపు తీరంలో అలలు వెనక్కి లాగే చోట్లు పైకి కనిపించవు, మోకాలి లోతులో నిలబడ్డ పిల్లవాడిని కూడా క్షణంలో పడేస్తాయి. అల్లిక కళ్ళను కిందికి దించుతుంది, ఒక్క కుట్టు జారితే అది సరిచేసేదాకా తల ఎత్తనివ్వదు. "అమ్మమ్మా, చూడు, అల వస్తోంది" అని పిలిచినప్పుడు "ఈ వరుస అయిపోనీ తల్లీ" అనే మాటకు నీటి ఒడ్డున చోటు లేదు. ఉదయం, సాయంత్రం సముద్రం దగ్గరకు వెళ్ళేటప్పుడు అల్లికసంచి గదిలోనే ఉండాలి.

అల్లికకు సరైన సమయం మధ్యాహ్నం. ఎండ తీవ్రంగా ఉంటుంది, భోజనాలయ్యాక పిల్లలు నిద్రపోతారు, పెద్దలు నడుం వాలుస్తారు. అయితే ఆ వేళకే సముద్రపు గాలి కూడా ఊపందుకుంటుంది. పగలు నేల సముద్రం కంటే త్వరగా వేడెక్కుతుంది, నేల మీది వేడిగాలి పైకి లేస్తుంది, ఆ ఖాళీలోకి సముద్రం మీది చల్లగాలి వస్తుంది. ఆ గాలిలో సన్నని ఇసుక, ఉప్పు తుంపర రెండూ ఉంటాయి. కనుక సముద్రానికి ఎదురుగా ఉన్న వరండాలో కాక, వెనుకవైపు వరండాలోనో కిటికీ పక్కనో కూర్చోవడం మంచిది.

సూర్యలంకలో, మరికొన్ని తీరాల్లో సరుగుడు తోటల నీడ ఎంతో హాయిగా ఉంటుంది, అందరూ చాపలు పరచుకునేది అక్కడే. అల్లికకు మాత్రం ఆ నీడ పనికిరాదు. రాలిన సరుగుడు ఆకు సూదిలా సన్నగా, కణుపులు కణుపులుగా ఉంటుంది. అది ఊలులో గుచ్చుకుంటే లాగేటప్పుడు కణుపు దగ్గర విరిగి, ముక్కలు లోపలే ఉండిపోతాయి. పెద్దవాళ్ళ స్వెట్టరులో అయితే దురద పెడుతుంది, పసిబిడ్డ మెడ దగ్గర అయితే చర్మాన్ని గీస్తుంది. ఒకవేళ గుచ్చుకుంటే లాగకండి. అల్లికను వెనక్కి తిప్పి, ఆకు ఎటువైపు ఎక్కువ బయటకు వచ్చిందో చూసి, చిన్న పట్టకారుతో ఆ వైపుకే తీయండి.

ఇసుక పడితే వెంటనే తడిపి కడగాలనిపిస్తుంది గాని, అది సరికాదు. తడిసిన ఇసుక పోగులకు అతుక్కుని లోపలికి దిగుతుంది. అల్లికను ముందు పూర్తిగా ఆరనిచ్చి, సూది ఊడకుండా రెండు కొసలకూ రబ్బరు బ్యాండు బిగించి, తలకిందులుగా పట్టుకుని మెల్లగా తట్టాలి. మిగిలిన రేణువులను పాత మెత్తని బ్రష్‌తో ఒకే దిశలో దులపాలి. సన్‌స్క్రీన్, కొబ్బరినూనె, వేయించిన చేపల నూనె ఏదైనా చేతికి ఉంటే సబ్బుతో కడుక్కుని, తుడుచుకుని, పూర్తిగా ఆరాకే దారం ముట్టుకోవాలి. సూదులను ఇసుకలో నిలబెట్టడం, పరుపు మీద వదలడం ఎంతమాత్రం చేయకూడదు. ఉత్తకాళ్ళతో పరుగెత్తే పిల్లలున్న చోటు అది.

నరసాపురం వైపు వెళితే

పేరుపాలెం తీరానికి, అంతర్వేదికి వెళ్ళేవారు నరసాపురంలో ఒక పూట ఆగాలని నా కోరిక. మన మెదక్ జిల్లా నర్సాపూర్ కాదు, పశ్చిమ గోదావరి జిల్లాలోది; లింగంపల్లి నుంచి రాత్రి బండి ఉంది. ఆ చుట్టుపక్కల గ్రామాల్లో స్త్రీలు సన్నని నూలు దారంతో, కొక్కెపు సూదితో (క్రోషే పద్ధతిలో) లేసు అల్లుతారు. 19వ శతాబ్దంలో మిషనరీల ద్వారా వచ్చిన ఈ పని ఆ ప్రాంతపు సొంత విద్యగా మారింది, 2024లో నరసాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు లభించింది.

ప్రయాణంలో అల్లేవారికి అక్కడ నేర్చుకోదగినది పనిని విడగొట్టే తీరు. పెద్ద బల్లగుడ్డను ఒకరే మొదటి నుంచి చివరి దాకా అల్లరు. ఒక్కొక్క పువ్వునూ చేతిపనివారు విడిగా అల్లుతారు, వాటిని కలిపే అతుకుపని వేరేవారు చేస్తారు. పువ్వు పూర్తయితే పని పూర్తయినట్టే, దానిని పక్కన పెట్టి మరో పని మీద లేవవచ్చు. సూదుల అల్లిక కంటే ఈ పద్ధతి కుటుంబ ప్రయాణానికి ఎక్కువ సరిపోతుందని నేను గట్టిగా నమ్ముతాను. కొక్కెపు సూది మీద ఒక్క కుట్టే ఉంటుంది కనుక వరుస ఊడే భయం లేదు. ఎక్కడ ఆపినా ఆ కుట్టును కొంచెం పొడుగ్గా లాగి, చిన్న పిన్నీసు తగిలిస్తే చాలు. క్రోషే తెలిసినవారు నూలు దారంతో అరచేతి వెడల్పు చతురస్రాలు అల్లుకుని, ఇంటికి వచ్చాక కలుపుకుంటే ఒళ్ళో వేసుకునే దుప్పటి తయారవుతుంది. రానివారు అక్కడి పనిని దగ్గర నుంచి చూస్తే మొదటి పాఠం దొరుకుతుంది, అయితే పని చేస్తున్నవారి సమయం తీసుకుంటున్నామన్న ఎరుక ఉండాలి. కొనేటప్పుడు బేరం ఆడకండి. గంటల తరబడి కళ్ళు చికిలించి చేసే ఆ పనికి చేతికి వచ్చే కూలి ఎప్పుడూ తక్కువే.

తిరిగి వచ్చాక

ఇంటికి రాగానే అల్లికను సంచిలోంచి తీసి, ఫ్యాను గాలికి ఒక పూట ఆరనివ్వాలి. తీరపు తుంపర తగిలిన దారంలో ఉప్పు మిగిలి ఉంటుంది. ఉప్పు గాలిలోని తేమను మళ్ళీ మళ్ళీ లాగుతుంది కనుక అలాంటి దారం ఎన్ని రోజులైనా జిగటగా, చల్లగా తగులుతుంది. అల్లిక పూర్తయ్యాక మంచినీళ్ళలో ఉతికితేనే అది పోతుంది. పూర్తి కాకముందే బాగా తడిసి ఉంటే కుట్లను నూలు దారం మీదకు మార్చి, సూది తీసి, అప్పుడే ఉతకాలి. ఊలుకు మన కుంకుడుకాయ రసం చాలా మంచిది. గింజలు తీసిన కుంకుళ్ళను నానబెట్టి పిసికి, రసాన్ని గుడ్డలో వడగట్టి, గోరువెచ్చని నీళ్ళలో కలిపి అల్లికను అందులో ముంచి ఉంచాలి. రుద్దకూడదు, పిండకూడదు, వేడికీ రాపిడికీ ఊలు పోగులు ఒకదానికొకటి పట్టుకుని ముద్దగా కుంచించుకుపోతాయి. రెండు మార్లు మంచినీళ్ళలో జాడించి, పొడి తువ్వాలులో చుట్టి ఒత్తి, నీడలో మంచం మీద పరచి ఆరబెట్టాలి. తీగ మీద వేలాడదీస్తే బరువుకు సాగిపోతుంది. సూదులను తడిగుడ్డతో తుడిచి, వెంటనే పొడిగుడ్డతో తుడవాలి.

మళ్ళీ అల్లడం మొదలుపెట్టే ముందు చీటీ చూసి కుట్లు లెక్కపెట్టండి. 76 ఉండవలసిన చోట 75 ఉంటే ఒక కుట్టు ఎక్కడో జారింది. అల్లికను వెలుతురుకు పట్టుకుంటే నిచ్చెన మెట్లలా కనిపించే చోట ఆ కుట్టు దొరుకుతుంది, క్రోషే సూదితో ఒక్కొక్క మెట్టూ ఎక్కించుకుంటూ పైకి తేవచ్చు. ఆ తరువాత చివరి వరుసను మాత్రం కుట్టు కుట్టుగా విప్పి, కొత్తగా అల్లండి. రోజుల తరబడి సూది మీద ఉండి సాగిన వరుస అదే. దానిని అలాగే వదిలి పైకి అల్లితే, ఎక్కడ ఆపి ఎక్కడ మొదలుపెట్టారో స్వెట్టరు వీపు మీద గీతలా తెలుస్తుంది. తీరంలో చెయ్యి బిగిసి అల్లిన వరుసలు మరీ దగ్గరగా అనిపిస్తే విప్పే ముందు అల్లికను స్కేలుతో కొలవండి. పది సెంటీమీటర్లకు ఒకటి రెండు కుట్లు తేడా ఉంటే ఉతికినప్పుడు చాలావరకు సర్దుకుంటుంది. అంతకు మించితే ఆసరా దారం దాకా విప్పడమే మంచిది.